మీ పిల్లవాడి వయసు కాగితం ఎక్కడుంది?



ఈ వారం పాఠం కొంచెం ఇబ్బంది పెట్టే విషయం మీద. పిల్లల చదువు గురించి, ఆరోగ్యం గురించి, పెళ్ళి సంబంధాల గురించి రాస్తే అందరూ ఇష్టంగా చదువుతారు. పిల్లవాణ్ణి పోలీసులు తీసుకుపోతే ఏం చేయాలి అన్న ప్రశ్న వచ్చేసరికి "మన ఇంట్లో అలాంటిది జరగదులే" అని పేజీ తిప్పేస్తారు. ఒక్క క్షణం ఆగండి. పండుగ రాత్రి కుర్రకారు మధ్య కొట్లాట, స్నేహితుడు ఎక్కడినుంచో తెచ్చిన మోటారు సైకిలు వెనక కూర్చోవడం, సెల్‌ఫోన్‌లో ఎవరి ఫోటోనో ఎవరికో పంపడం, ఒక అమ్మాయితో కలిసి ఊరు దాటే బస్సు ఎక్కడం. వీటిలో మన ఊళ్ళలో జరగనిది ఏదో మీరే చెప్పండి.

మన వాడుకలో విచారణ అంటే గుడి, గుడి చుట్టూ ఉన్న కుటుంబాలు. కోర్టు వాడుకలో విచారణ వేరు. ఈ రోజు మనకు పని ఆ రెండో విచారణతోనే.

ముందుగా ఒక కేసు తెలుసుకుందాం.

1994 ఆగస్టులో పుణె నగరంలో ఒకే ఇంట్లో ఏడుగురు హత్యకు గురయ్యారు. అయిదుగురు స్త్రీలు, ఇద్దరు పసివాళ్ళు. ఆ స్త్రీలలో ఒకామె గర్భవతి. రాజస్థాన్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. ఒకడు అప్రూవర్‌గా మారాడు. మిగిలిన ఇద్దరికీ 1998లో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు 1999లో, సుప్రీంకోర్టు 2000లో ఆ శిక్షను ఖాయం చేశాయి. ఆ ఇద్దరిలో ఒకరి వయసు కోర్టు కాగితాల్లో ఇరవై, ఇరవై రెండు సంవత్సరాలని రాసి ఉంది. అది నిజమా అని ఎవరూ గట్టిగా అడగలేదు.

చాలా ఏళ్ళ తరువాత ఆ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2019 జనవరిలో కోర్టు పుణె జిల్లా ప్రధాన న్యాయమూర్తిని వయసు తేల్చమని ఆదేశించింది. బికనీర్ జిల్లాలోని ఒక పల్లెటూరి ప్రభుత్వ పాఠశాలలో పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. అందులో పుట్టిన తేదీ 1982 ఫిబ్రవరి 1. అంటే నేరం జరిగిన రోజుకు అతనికి పన్నెండేళ్ళ ఆరు నెలలు! 2023 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ లెక్కను ఒప్పుకుని అతణ్ణి విడుదల చేయమంది. అప్పటికి అతను జైలులో 28 సంవత్సరాలకు పైగా గడిపాడు, అందులో ఎక్కువ భాగం ఉరికంబం నీడలో. బాలల చట్టం ప్రకారం ఆ వయసు పిల్లవాణ్ణి ఉంచగలిగిన గరిష్ఠ కాలం మూడేళ్ళు.

ఆ ఏడుగురినీ పోగొట్టుకున్న కుటుంబాన్ని మరచిపోయి ఈ కేసు గురించి మాట్లాడడం న్యాయం కాదు. వారి దుఃఖానికి ఏ తీర్పూ సరిపోదు. కాని ఒక పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి పెద్దవాడిగా లెక్కకట్టి ఉరి వేయడం వారికి న్యాయం చేయడం అవుతుందా? చట్టం కాదనే అంటుంది. ఇక్కడ మనం గమనించవలసింది మరొకటి ఉంది. ఆ రిజిస్టరు కొత్తగా పుట్టింది కాదు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ ఆ బడిలోనే ఉంది. వెళ్ళి తెచ్చేవాళ్ళు లేకపోయారు.

వయసుకు ఏది రుజువు?

ఇప్పుడు మన దేశంలో అమలులో ఉన్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివారందరూ, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, బాలలే. 1986 నాటి పాత చట్టంలో మగపిల్లలకు పదహారేళ్ళు, ఆడపిల్లలకు పద్దెనిమిది. 2000 సంవత్సరం చట్టం ఇద్దరికీ పద్దెనిమిది చేసింది. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిందన్న రోజునాటి వయసు. పట్టుకున్న రోజు వయసు కాదు, కోర్టుకు తీసుకెళ్ళిన రోజు వయసూ కాదు. ఈ సంగతిని 2005లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. పదిహేడేళ్ళ పది నెలల వయసులో జరిగిన సంఘటనకు పందొమ్మిదేళ్ళప్పుడు పట్టుకున్నా, అతను చట్టం దృష్టిలో బాలుడే. వయసు గురించిన అభ్యంతరాన్ని కేసు ఏ దశలో ఉన్నా, చివరికి తీర్పు వచ్చేసిన తరువాత కూడా, లేవనెత్తవచ్చు. పుణె కేసులో జరిగింది అదే.

అనుమానం ఉన్నప్పుడు ఏ కాగితం చూడాలో 94వ సెక్షన్ వరుస క్రమంలో చెప్పింది. మొదట పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గాని, పదో తరగతి సర్టిఫికెట్ గాని. అవి లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండు రకాలూ లేనప్పుడే ఎముకల పరీక్ష వంటి వైద్య పరీక్ష. ఎముకల పరీక్ష ఒక అంచనా మాత్రమే, ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చు. పదిహేడు, పద్దెనిమిది మధ్య ఉన్న కుర్రవాడికి ఆ తేడాయే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. జ్ఞానస్నాన రిజిస్టరులో బిడ్డ పుట్టిన తేదీ ఉంటుంది కదా, ఫాదర్ గారిని అడిగి తెచ్చుకుంటే చాలునని చాలామంది అనుకుంటారు. గుడి రిజిస్టరు ఆ సెక్షన్ వరుసలో లేదు. దాన్ని పట్టుకుని పంచాయతీలో జనన నమోదు చేయించుకోని కుటుంబాలు ఇప్పటికైనా ఆ పని చేయించుకోవాలి. ఆధార్ కార్డు సంగతీ అంతే. వయసు నిర్ధారణకు అది రుజువు కాదని, పాఠశాల సర్టిఫికెట్టే మేలని 2024లో ఒక ప్రమాద నష్టపరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఈ 94వ సెక్షన్నే ఆధారంగా తీసుకుంది.

బడి రిజిస్టరు అన్నాం గనుక మరొకటి చెప్పక తప్పదు. బడిలో చేర్చేటప్పుడు తండ్రికి తేదీ గుర్తు ఉండదు, మాస్టారు జూన్ ఒకటి అనో జూలై ఒకటి అనో రాసేస్తారు. ఒకరింట్లో ముగ్గురు పిల్లలదీ ఒకే పుట్టినరోజు! త్వరగా చేర్చాలని వయసు పెంచేవాళ్ళు ఉన్నారు, ఉద్యోగానికి పనికొస్తుందని తగ్గించేవాళ్ళూ ఉన్నారు. అంతా నవ్వుకునే విషయమే, పిల్లవాడి పేరు స్టేషన్ పుస్తకంలోకి ఎక్కేంతవరకు. బడిలో ఒక తేదీ, పంచాయతీలో ఇంకో తేదీ ఉంటే మీ మాట నమ్మడానికి ఎదుటివారికి కారణం ఉండదు. ఆ తేడా ఉన్నవాళ్ళు ఇప్పుడే సరిచేయించుకోవడం మంచిది. కేసు వచ్చిన తరువాత దిద్దిన కాగితాన్ని ఎవరూ గౌరవించరు.

వయసు చూడకుండా పిల్లల్ని పెద్దల జైళ్ళకు పంపడం ఎక్కడో ఒకటి రెండు చోట్ల జరిగే పొరపాటు కాదు. ఐప్రోబోనో అనే సంస్థ సమాచార హక్కు చట్టం కింద సేకరించిన లెక్కల ప్రకారం 2016 నుంచి 2021 వరకు ఆరేళ్ళలో దేశంలో 9,600 మందికి పైగా పిల్లలు పెద్దల జైళ్ళలో ఉన్నట్టు తరువాత తేలింది.

మొదటి ఇరవై నాలుగు గంటలు

పిల్లవాణ్ణి ఎవరు పట్టుకున్నా, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని, ప్రతి స్టేషన్‌లో ఇందుకోసం నియమించిన బాలల సంక్షేమ పోలీసు అధికారికి గాని అప్పగించాలి. ఆ అధికారి ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి ఇరవై నాలుగు గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరు పరచాలి. జువైనల్ జస్టిస్ బోర్డు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, మనమూ బోర్డు అనే అందాం. ఈ మధ్యకాలంలో పిల్లవాణ్ణి లాకప్‌లో గాని జైలులో గాని ఉంచడానికి వీల్లేదు. "ఒక్క రాత్రికే కదా" అన్నా వీల్లేదు.

2016లో కేంద్ర ప్రభుత్వం చేసిన నమూనా నియమాలు ఇంకా వివరంగా చెబుతాయి. బేడీలు వేయకూడదు. పిల్లల విషయం చూసే అధికారి యూనిఫారంలో కాక మామూలు దుస్తుల్లో ఉండాలి. ఏ ఆరోపణ మీద తెచ్చారో తల్లిదండ్రులకు చెప్పాలి. ప్రశ్నలు అడిగేటప్పుడు తల్లిదండ్రులు దగ్గర ఉండవచ్చు. నేరం ఒప్పుకోమని బలవంతం చేయకూడదు. పిల్లవాడి చేత ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదు. న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. అంతే కాదు, ఏడేళ్ళకు తక్కువ కాని శిక్ష పడే ఘోరమైన నేరాలకు, లేదా పెద్దవాళ్ళతో కలిసి చేశారన్న నేరాలకు తప్ప మిగతావాటికి ఎఫ్.ఐ.ఆర్. కట్టడం కూడా ఉండదు. స్టేషన్ డైరీలో రాసుకుని, కుటుంబ పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపితే సరిపోతుంది.

ఇన్ని రక్షణలు రాసి ఉన్నాయి. కాని రాత్రి తొమ్మిది గంటలకు స్టేషన్ అరుగు మీద భయంతో వణుకుతూ కూర్చున్న తండ్రికి వీటిలో ఒక్కటీ తెలియదు. ఎవరో ఊరి పెద్దను వెంటబెట్టుకుని వెళతాడు. ఆ పెద్దమనిషి మంచి ఉద్దేశంతోనే ఒక సలహా ఇస్తాడు. ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఆ సలహాయే.

"ఒప్పేసుకో, చిన్నపిల్లాడివి, వదిలేస్తారు"

నా అభిప్రాయంలో మన పిల్లల హక్కులు దెబ్బలవల్ల పోయేదానికంటే ఈ మాటవల్ల ఎక్కువ పోతున్నాయి. పోలీసు అనవచ్చు, ఊరి పెద్ద అనవచ్చు, కన్నతండ్రే అనవచ్చు. జాలితోనే అంటారు. చిన్న కేసు, ఒప్పుకుంటే మందలించి పంపేస్తారు, వకీలు ఖర్చు కూడా మిగులుతుంది అని లెక్క. పిల్లవాడు చేయని పనిని కూడా తలాడించి ఒప్పుకుంటాడు, ఎందుకంటే ఇంటికి పోతే చాలు వాడికి.

జాలి చట్టం స్థానంలోకి వస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం మనకు చెబుతుంది. ప్రపంచంలో మొదటి బాలల కోర్టుగా చెప్పుకునేది 1899లో చికాగోలో మొదలైంది. ఆశయం చాలా గొప్పది. పిల్లలను పెద్ద నేరస్థులతో కలపకూడదు, జడ్జి తండ్రిలా మాట్లాడి దారిలో పెట్టాలి, శిక్ష కాదు సంస్కరణ కావాలి. తండ్రి లాంటి జడ్జి ఉన్నప్పుడు వకీలు దేనికి? సాక్షులను ఎదురు ప్రశ్నించడం దేనికి? ఇలా ఒక్కొక్కటీ తీసేశారు.

1964 జూన్ 8న అరిజోనా రాష్ట్రంలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ళ కుర్రవాణ్ణి పోలీసులు ఇంటినుంచి తీసుకుపోయారు. పొరుగున ఉండే ఒకామెకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడని ఫిర్యాదు. తల్లి, తండ్రి ఇద్దరూ పనికి వెళ్ళి ఉన్నారు. ఇంటికి ఒక చీటీ కూడా పెట్టలేదు. సాయంత్రం తల్లి వచ్చి కొడుకు కనపడక వెదికితే చుట్టుపక్కలవాళ్ళ ద్వారా సంగతి తెలిసింది. జడ్జి ముందు రెండుసార్లు విచారణ జరిగింది. వకీలు లేడు. ఫిర్యాదు చేసినామె ఒక్కసారీ రాలేదు. ఆమెను పిలిపించండని తల్లి అడిగితే, రానక్కరలేదన్నారు. ఎవరేం చెప్పారో రాసిపెట్టినవాళ్ళు లేరు, కుర్రవాడు ఏమి ఒప్పుకున్నాడు అన్నదాని మీద తరువాత తలో మాటా చెప్పారు. చివరికి ఇరవై ఒకటో ఏడు వచ్చేవరకు, అంటే ఆరేళ్ళు, ప్రభుత్వ సంస్కరణ పాఠశాలలో ఉంచమని ఉత్తర్వు. అదే మాట పెద్దవాడు అని ఉంటే శిక్ష అయిదు నుంచి యాభై డాలర్ల జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు!

ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. అప్పీలుకు దారి లేకపోతే హెబియస్ కార్పస్ వేశారు. 1967 మే 15న అమెరికా సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. తీర్పు రాసినది జస్టిస్ ఏబ్ ఫోర్టస్. ఆరోపణ ఏమిటో ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి, వకీలు ఉండాలి, స్తోమత లేకపోతే కోర్టే పెట్టాలి, ఎదుటి సాక్షిని ప్రశ్నించే అవకాశం ఉండాలి, తనకు వ్యతిరేకంగా తానే చెప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. ఈ నాలుగూ పెద్దలకు ఎలాగో పిల్లలకూ అలాగే అని తేల్చారు. దయగల కోర్టు అని పేరు పెట్టినంతమాత్రాన పిల్లవాడి స్వేచ్ఛను తీసేయడం తేలిక విషయం కాబోదన్నది ఆ తీర్పు సారాంశం.

మన చట్టంలో ఈ సూత్రాలు మొదటి పేజీలలోనే ఉన్నాయి. బాలుడు తప్పు చేయాలన్న దురుద్దేశం లేనివాడేనని మొదట భావించాలని 3వ సెక్షన్ చెబుతుంది. పిల్లవాడు, తల్లిదండ్రులు విచారణలో అడుగడుగునా సంగతి తెలుసుకుని పాల్గొనేటట్టు చూడడం, న్యాయ సహాయం అందేటట్టు చూడడం, భాష తెలియకపోతే దుబాసీని పెట్టడం బోర్డు బాధ్యతలని 8వ సెక్షన్ చెబుతుంది. ఉత్తరాది నుంచి ఇక్కడికి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలకు, ఇక్కడినుంచి ముంబైకో బెంగళూరుకో వలస పోయిన మన పిల్లలకు ఆ చివరి మాట చాలా అవసరం.

కాబట్టి ఎవరైనా "ఒప్పేసుకో" అంటే, వకీలుతో మాట్లాడిన తరువాత చెబుతాడు అనండి. అబద్ధం ఆడమని నేను పిల్లలకు నేర్పడం లేదు. చేసినదైతే సమయం వచ్చినప్పుడు, బోర్డు ముందు, తెలిసినవాళ్ళ సలహాతో చెప్పుకోవచ్చు. ఒప్పుకోలు పత్రికలకు ఎక్కిన తరువాత అది తప్పని తేలిన సందర్భాలు లేకపోలేదు. 2017లో గురుగ్రామ్‌లో ఒక బడిలో పిల్లవాడు హత్యకు గురైనప్పుడు బస్సు కండక్టరు నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. తరువాత సి.బి.ఐ. అతనికి సంబంధం లేదన్నది, 2018లో కోర్టు అతణ్ణి కేసునుంచి తప్పించింది. నడివయసు మనిషి విషయంలోనే అలా జరిగితే పదిహేనేళ్ళవాడి సంగతి చెప్పాలా?

బోర్డు ఎలా ఉంటుంది, బెయిలు ఎలా వస్తుంది

బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సాంఘిక సేవా కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ. ఎత్తయిన వేదిక, బోను ఉండకూడదు. కోర్టు ఆవరణలో గాని జైలులో గాని కాక, అబ్జర్వేషన్ హోమ్‌లోనో దాని దగ్గరలోనో కూర్చోవాలి. మీరు చేతులు కట్టుకుని మూల నిలబడనక్కర లేదు. మాట్లాడమని అడుగుతారు, మాట్లాడండి.

బెయిలు విషయంలో చాలామంది పొరపడతారు. పెద్దల కేసుల్లో నేరం ఎంత పెద్దదో చూసి బెయిలు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఉంటుంది. పిల్లలకు 12వ సెక్షన్ ప్రకారం బెయిలు ఇవ్వడమే నియమం, జామీనుతో గాని, జామీను లేకుండా గాని, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో గాని. మూడు కారణాలకే నిరాకరించాలి. విడిచిపెడితే తెలిసిన నేరస్థుల సావాసంలో పడతాడని గాని, అతనికే శారీరకంగానో మానసికంగానో నైతికంగానో అపాయం కలుగుతుందని గాని, న్యాయ ప్రయోజనం దెబ్బతింటుందని గాని నమ్మడానికి ఆధారం ఉండాలి. ఆ కారణాన్ని రాసిపెట్టాలి. జామీను ఇచ్చేవాళ్ళు దొరకక బెయిలు వచ్చినా పిల్లవాడు హోమ్‌లోనే ఉండిపోతే, ఏడు రోజుల తరువాత షరతులు మార్చడానికి మళ్ళీ బోర్డు ముందుకు తేవాలి. పేద కుటుంబాలు ఈ ఏడు రోజుల సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. జామీనుదారు కోసం అప్పులు చేసి దళారీలకు ఇస్తున్నారు.

ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో సాంఘిక పరిశోధన నివేదిక ఇస్తాడు. ఇంటికి వస్తాడు, బడికి వెళతాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు. ఈ మనిషి పోలీసు అనుకుని కొందరు తలుపు తీయరు. అలా చేయకండి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, తప్పనిసరైతే ఇంకో రెండు నెలలు. చిన్న నేరమైతే ఆ గడువు దాటాక కేసు మూసేయవలసిందే. చివరికి తప్పు రుజువైనా హోమ్ ఒక్కటే దారి కాదు. మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు, ప్రొబేషన్ మీద ఉంచవచ్చు. ప్రత్యేక గృహంలో ఉంచితే గరిష్ఠం మూడేళ్ళు.

పదహారు నిండినవాళ్ళ విషయం

ఇది 2015 చట్టం తెచ్చిన మార్పు. పదహారు నిండి పద్దెనిమిది నిండనివాడి మీద ఘోరమైన నేరం మోపితే, బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ పని చేయగల శారీరక, మానసిక శక్తి అతనికి ఉందా, పర్యవసానం అర్థమయ్యే స్థితిలో ఉన్నాడా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని చూస్తుంది. నేరం చేశాడా లేదా అన్నది ఈ దశలో తేల్చరు. పెద్దవాడిగా విచారించాలనుకుంటే బాలల కోర్టుకు పంపుతుంది. అలా పంపినా మరణశిక్ష గాని, విడుదల అవకాశం లేని యావజ్జీవం గాని వేయడానికి 21వ సెక్షన్ ఒప్పదు. ప్రాథమిక అంచనా తప్పనిపిస్తే 30 రోజుల్లోగా సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఇది ఆషామాషీగా చేసే పని కాదని, పిల్లల మనస్తత్వం చదివి ఆ వృత్తిలో ఉన్నవారు బోర్డులో లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు ఆ గురుగ్రామ్ కేసులోనే చెప్పింది.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. కొడుకు గురించి గొప్పగా చెప్పుకోవడం మనకు అలవాటు. "మావాడికి అన్నీ తెలుసండీ, ఇంటి వ్యవహారమంతా వాడే చూస్తాడు, పెద్దమనిషి కింద లెక్క." అధికారి ఎదుట ఈ ముచ్చట్లు వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బడి మానేశాడా, తండ్రి తాగి కొడతాడా, దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడా, ఎవరి వెంట తిరుగుతాడు. సిగ్గుపడి దాచిన విషయమే ఒక్కోసారి పిల్లవాడిని కాపాడవలసిన విషయం అవుతుంది.

ప్రేమ వ్యవహారాలు కూడా ఈ కోవలోకే వస్తున్నాయి. 2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో పద్దెనిమిది నిండని బాలిక సమ్మతి సమ్మతి కాదు. 2019 సవరణతో ప్రధాన నేరానికి కనీస శిక్ష పదేళ్ళు అయింది, బాలికకు పదహారు నిండకపోతే ఇరవై. పదిహేడేళ్ళ అబ్బాయి, పదహారేళ్ళ అమ్మాయి ఇల్లు విడిచి వెళితే, ఆ అబ్బాయి ఘోరమైన నేరం ఆరోపణతో ప్రాథమిక అంచనాకు నిలబడవలసి రావచ్చు. అమ్మాయి కూడా బాలికే, ఆమె మాటను, ఆమె భద్రతను తోసిపుచ్చి రాజీ చేసే హక్కు ఏ పెద్దలకూ లేదు. అయితే కోపంతో కేసు పెట్టి, తరువాత మనసు మారి, తీసేయమంటే తీసేయడం కుదరదని ఇరుపక్షాల తల్లిదండ్రులూ తెలుసుకోవాలి. మన ఇళ్ళలో ఈ విషయం పిల్లలతో ముందే మాట్లాడినవాళ్ళు ఎంతమంది?

పేరు బయటపెట్టకండి

74వ సెక్షన్ ప్రకారం పిల్లవాడి పేరు, చిరునామా, బడి, ఫోటో ఏదీ పత్రికలో గాని మరో ప్రసార సాధనంలో గాని రాకూడదు. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఈ రోజుల్లో పత్రికలకంటే ముందు వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో వచ్చేస్తుంది. గుడి గ్రూపులో "ఫలానా వారి అబ్బాయి కోసం ప్రార్థించండి, స్టేషన్‌లో ఉన్నాడు" అని పెట్టేవాళ్ళు మేలు చేస్తున్నామనే అనుకుంటారు. ప్రార్థనకు పేరు అక్కర లేదు కదా!

కేసు ముగిసిన తరువాత ఆ మచ్చ వెంటాడకూడదన్నది చట్టం ఉద్దేశం. బోర్డులో తప్పు రుజువైనా దానివల్ల చదువుకు, ఉద్యోగానికి అనర్హత రాదని 24వ సెక్షన్ చెబుతుంది. గడువు తరువాత రికార్డులు తీసేయాలి. పదహారు నిండి, బాలల కోర్టు పెద్దవాడిగా విచారించి దోషి అన్నవారికి మాత్రం ఈ రక్షణ లేదు. ముగిసిన కేసు వివరాలను ప్రవర్తన సర్టిఫికెట్ కోసం పోలీసులు వెల్లడించకూడదు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో ఉద్యోగానికి ఎంపికైన ఒకరికి చిన్ననాటి కేసు అడ్డు కారాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం దరఖాస్తులో ఈ ప్రశ్న ఎదురైతే తోచినట్టు రాసేయకుండా వకీలును అడిగి రాయండి.

వకీలు ఎవరు, డబ్బెక్కడిది అంటారా? 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ప్రతి బిడ్డకూ, తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఫోన్ నంబరు 15100. పిల్లలకు ఏ ఆపద వచ్చినా పిలవడానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ గోడమీద కేలండరు పక్కన రాసి ఉంచండి.

ఇక కాగితాల సంగతి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట కూర్చుని ఇంట్లో ప్రతి బిడ్డదీ జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్ ఒక కవరులో పెట్టండి, రెండేసి జిరాక్సులతో సహా. ఎప్పుడైనా స్టేషన్‌కు వెళ్ళవలసి వస్తే మొదట అడగవలసినది "మావాణ్ణి ఎప్పుడు వదులుతారు" అని కాదు. "అయ్యా, మా బాబు వయసు ఇది, కాగితం ఇదిగో. బోర్డు ముందుకు ఎన్ని గంటలకు తీసుకువెళుతున్నారు?" అని అడగండి. అక్కడ జిరాక్సు మాత్రమే ఇవ్వండి, ఇచ్చినట్టు రెండో కాపీ మీద సంతకం, తేదీ, టైము వేయించుకోండి. అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకుని బోర్డుకు చూపించండి.